గులాబీ నీళ్ళ బట్టీ

అరబ్బు దేశంలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మేమున్న విల్లాలో పై వాటా ఒక హైదరాబాద్ కుటుంబానిది. వాళ్ళ వీసా మీద వచ్చిన గోదావరి జిల్లా ఆవిడ వాళ్ళింట్లోనే ఉండి పనిచేసేది. మధ్యాహ్నాలు రెండు గంటలు మా ఇంటికీ వచ్చేది. నేను బడిలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నోటి దురద నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆ ఏడు సైన్స్ ప్రదర్శనలో నా వంతుకు వచ్చిన అంశం, వెయ్యేళ్ళ కిందటి ఒక అరబ్బు రసాయన శాస్త్రవేత్త, ఆయన పరికరాలు. ఎవరో చెప్పింది నమ్మి ఊరుకోకుండా తానే కాచి, వడగట్టి, తూచి చూసుకున్న మనిషి. నాకు ఆయన మీద భక్తి కుదిరింది. త్రాసు, కొలిమి అట్టముక్కలతో చేయించాను కానీ, అంబీక్ అనే పరికరం మాత్రం నిజంగా పనిచేసి తీరాలని పట్టుబట్టాను. కింద ఒక పాత్ర, దాని మీద ముక్కున్న మూత. మరిగిన ఆవిరి మూతలో చల్లబడి, ముక్కు గుండా చుక్కలుగా సీసాలోకి దిగాలి.

రాగి బిందె, గిన్నె, గొట్టం తెచ్చి వంటింట్లో గులాబీ రేకులు మరిగించాను. చుక్క పడితే ఒట్టు! టేపు చుట్టిన చోటల్లా ఆవిరి బుస్సుమంటోంది. విసుగొచ్చి గరిటె విసిరేశాను. అంట్లు తోముతున్న ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"టేపు ఆగదండి మేడమ్ గారూ. చుట్టూ పిండి ముద్ద పెట్టాలండి. మూత మీద తడిగుడ్డ ఎయ్యాలి. గొట్టం వాలుగా పెట్టండి, లేపోతే ఆవిరి ఎనక్కొచ్చేత్తది."

"నీకెలా తెలుసు ఇదంతా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "మా అమ్మమ్మ గోదారి లంకలో సారా కాసేదండి. చిన్నప్పుడు పిండి ముద్ద పని నాదే. ఇదీ ఆ బట్టీయే కదండీ! ఎవరికీ చెప్పకండేం."

కాసేపట్లో చుక్కలు పడ్డాయి. ఇల్లంతా గులాబీ వాసన. ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.

ప్రదర్శనలో మాకే మొదటి బహుమతి. చూడటానికి వచ్చిన తల్లుల్లో పై వాటావిడ కూడా ఉంది. "అబ్బ, ఎట్ల చేసిన్రు మేడమ్?" అంది.

"నాదేముందండీ, పెద్ద కెమిస్టు మీ ఇంట్లోనే ఉంది! చిన్నప్పుడే సారా బట్టీ దగ్గర ట్రెయినింగు!" అన్నాను. పక్కనున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. పై వాటావిడ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. ఈ దేశంలో సారా కాయడమంటే ఎంత నేరమో ఇన్నేళ్ళుగా ఉంటున్న నాకు తెలియదా? తెలుసు. నలుగుర్ని నవ్వించాలన్న యావ, అంతే.

వారం తిరక్కుండానే మా పనావిడ ఏడుస్తూ వచ్చింది. "వీసా క్యాన్సిల్ చేసేత్తున్నారండి. 'పోలీసులకు తెలిస్తే నా నౌకరీ ఖలాస్' అంటన్నారు పై సార్. మా పిల్లకి నర్సింగు ఇంకో ఏడాది ఉందండి. మీరొక్క మాట చెబితే ఇంటారు."

"చెప్తాలే, ఏడవకు" అన్నాను. చెప్పలేదు. వాళ్ళ వీసా మీదున్న మనిషి చేత చట్టానికి విరుద్ధంగా మా ఇంట్లో పని చేయించుకున్నాను, నా పొయ్యి మీదే ఆ బట్టీ పెట్టించాను. కదిపితే ఎక్కడ నా ఉద్యోగానికి చుట్టుకుంటుందోనని భయపడ్డాను. సిగ్గులేని భయం.

సంగతి ఎవరి ద్వారా తెలిసిందో పై వాటావిడ బయటపెట్టలేదట, నా మీద మర్యాద కొద్దీ. అది చాలక నేనే పనావిడను అడిగాను, "ఎవరు చెప్పి ఉంటారు?" అని.

"ఇంకెవరండి, ఇక్కడే కల్బా ఊళ్ళో పనిచేసే మా చెల్లెలే. మొన్న శుక్రవారం వచ్చి పై మేడమ్‌తో గంటసేపు కబుర్లాడింది. ఈ దేశంలో ఈ సంగతి తెలిసింది మీకూ దానికీనండి. మీరు సదువుకున్నోళ్ళు, మీరెందుకు చెప్తారు? ఇక సచ్చినా దాని మొహం చూడను."

"అయ్యో" అన్నాను. అంతే అన్నాను.

ఆవిడ ఊరికి వెళ్ళిపోయిన రెండు నెలలకు ఆ చెల్లెలు నాకు ఫోన్ చేసింది. "అక్క నా ఫోనెత్తట్లేదండి మేడమ్ గారూ. నేనేం తప్పు చేశానో మీకేమైనా చెప్పిందాండి?"

"నాకేం తెలీదమ్మా" అన్నాను.