లేని బాబాయికి ప్రార్థన

రాయదుర్గంలో మా ఆఫీసు పద్నాలుగో అంతస్తులో ఉంది. అక్కడ ప్రశాంతత గురించి నెలకో సెషన్ పెడతారు. రానివాళ్లకు మెయిల్ మీద మెయిల్ పంపి ప్రశాంతత లేకుండా చేస్తారు. మనిషి ఏడాదికోసారైనా అన్నీ వదిలేసి దూరంగా పోవాలని ఒక సెషన్‌లో చెప్పారు. నేను నమ్మాను.

మా ఆవిడది కరీంనగర్. "దూరమంటే వికారాబాద్ పోదం, పొద్దుమూకే వరకు ఇంటికొస్తం" అంది. నా అలసట స్థాయికి వికారాబాద్ చాలదనిపించి ఫిజీకి టికెట్లు కొన్నాను. అందులోనూ రిసార్టులున్న చోటికి కాదు, వారానికి ఒక్క పడవ వెళ్లే చిన్న దీవికి. సెలవు ఇస్తూ మా మేనేజర్, "ఫుల్‌గా డిస్‌కనెక్ట్ అవ్వండి. ఆదివారం రిలీజ్ కాల్‌కి మాత్రం ఒక్క పది నిమిషాలు రండి" అన్నారు. ఆయనది పెద్ద మనసు.

పడవ దిగగానే నా టోపీ తీయించారు. ఆ ఊరి పెద్దాయన తప్ప ఎవరూ తల మీద ఏమీ పెట్టుకోకూడదట. నడుముకు లుంగీ లాంటి గుడ్డ చుట్టించారు. దారిలో అక్కడి పట్నంలో కొన్న కవా అనే మొక్క వేర్ల కట్టను పెద్దాయన ముందు పెట్టాం. ఆయన దాన్ని తాకి చాలాసేపు ఏదో పలికి, ఇక మేం ఆ ఊరివాళ్లమేనన్నారు. కొండాపూర్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాం, మా ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో మాకింకా తెలియదు. ఇక్కడ అరగంటలో పని అయిపోయింది.

ఆ వేర్ల పొడి నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చారు. చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో తాగాలి. వానాకాలం కొత్తగూడ ఫ్లైఓవర్ కింద నిలిచే నీళ్ల రంగే. పెదాలు మొద్దుబారిపోయాయి. సంస్కృతి అంటే ఇదే కాబోలనుకుని ఫొటో తీసుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఆ దీవిలో ఆదివారం ఎవరూ పని చేయరు, సముద్రంలో దిగరు. ఉదయం, సాయంత్రం చర్చికి వెళ్తారు, మధ్యలో తిని పడుకుంటారు. సిగ్నల్ ఊరి వెనక కొండ మీద తప్ప దొరకదు. మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే నేను కొండెక్కాను. పది నిమిషాల కాల్ రెండు గంటలు నడిచింది. మా యాప్‌లో ఒక బటన్ మీద 'సబ్మిట్' అని ఉండాలా, 'కన్ఫర్మ్' అని ఉండాలా అన్నది చర్చ. వచ్చేవారం మళ్లీ మాట్లాడుకుందామని అందరం ఏకాభిప్రాయానికి వచ్చాం.

దిగి వచ్చేసరికి మేమున్న ఇంటి ముందు ఊరు ఊరంతా కూర్చుని ఉంది. మాకు వసతి ఇచ్చిన పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఇంగ్లిషులో అడిగింది.

"ఎవరు పోయారు?"

ఆదివారం పూట ఎవరైనా కొండెక్కారంటే చావు కబురు కోసమేనట. బటన్ గురించి చెబుదామని నోరు తెరిచాను. అన్ని కళ్లు తడిగా నన్నే చూస్తున్నాయి. చెప్పలేకపోయాను.

"పోలేదు. మా బాబాయికి ఒంట్లో బాగాలేదు" అన్నాను.

మా ఆవిడ మొహంలో ఏ మార్పూ లేకుండా తెలుగులో అడిగింది. "నీకు బాబాయి ఏడున్నడు?"

"కాసేపు ఊరుకో."

"నేనేమన్న? పాపం, ఎట్లున్నడో అని."

సాయంత్రం చర్చిలో బాబాయి కోసం ప్రార్థన పెట్టారు. పేరడిగితే ఒకటి చెప్పాను. ఆ పేరును వాళ్ల యాసలో పలుకుతూ, ఎనభై మంది దాకా కళ్లు మూసుకుని పాడారు. అంత శ్రద్ధగా నా నిజమైన బంధువుల కోసం నేనెప్పుడూ దణ్ణం పెట్టుకోలేదు. పక్కన మా ఆవిడ కూడా కళ్లు మూసుకుంది. అది భక్తి కాదు.

పడవ రోజు పెద్దావిడ ఒక చాప చుట్టి తెచ్చింది. అంచులకు రంగు ఊలు కుట్టిన పెద్ద చాప. బాబాయిని దాని మీద పడుకోబెట్టమంది. ఇక నావల్ల కాలేదు. బాబాయి లేడనీ, ఆ రోజు మాట్లాడింది ఆఫీసు పనేననీ చెప్పేశాను. ఎటు చూడాలో తెలియక చాప వైపు చూస్తూ నిలబడ్డాను.

"తెలుసు" అంది ఆవిడ. "మా మనవరాలు నీ వెనకే కొండెక్కింది. నువ్వు నవ్వుతూ మాట్లాడావని చర్చికి వెళ్లే ముందు చెప్పింది. జబ్బు మనిషి గురించి అలా నవ్వరు."

"మరి ప్రార్థన ఎందుకు చేశారు?"

"నువ్వు అంత భయపడి అబద్ధం చెప్పావు కదా. నీకోసమే చేశాం."

పడవలో మా ఆవిడ "ముసలామె మంచిగ జెప్పింది" అని చాపను తడవకుండా ఒళ్లోకి తీసుకుంది. నేను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. కళ్లలో ఉప్పునీళ్లు పడ్డాయని చెప్పుకోవడానికి అది అనువైన చోటు.

సోమవారం ఆఫీసులో నా అనుభవాన్ని టీమ్‌తో రెండు నిమిషాల్లో పంచుకోమన్నారు. మనుషులు చాలా మంచివాళ్లు, నెట్‌వర్కే కొంచెం వీక్ అన్నాను. నెట్‌వర్క్ మాట వినగానే అందరూ అయ్యో అన్నారు.