బోను బయట రెండు గంటలు

మా నల్ల కుక్కపిల్లకు అయిదో నెల వచ్చేదాకా, ఇల్లు కదిలితే చాలు, దాన్ని బోనులో పెట్టి గొళ్ళెం వేసేదాన్ని. దాని పుణ్యమా అని ఇంట్లో ఒక్క చెప్పూ జతగా మిగల్లేదు మరి. ఒక ఆదివారం మాత్రం జాలిపడి, దాన్ని బోను బయటే వదిలేసి, వీధి తలుపుకు తాళం వేసి, అత్తగారితో చర్చికి వెళ్ళాను. ప్రార్థన జరిగినంతసేపూ నా ధ్యాస ఇంటి మీదే.

తిరిగొచ్చి చూస్తే ఒక్క వస్తువూ చెదరలేదు. కుక్కపిల్ల మాత్రం లేదు. మంచాల కిందా, ఫ్రిజ్ వెనకా వెతికాం.

"అసలు తాళం సరిగ్గా వేశావా? నీకన్నీ తొందరే!" అని అత్తగారు అరిచారు.

"వేశానత్తయ్యా! లాగి చూసింది మీరేగా!" నేనూ తగ్గలేదు.

అంతలో, మంచి ధర వస్తే అమ్ముదామని ముందు గదిలో పోసి ఉంచిన పత్తి గుట్ట తుమ్మింది. ఒళ్ళంతా పింజలంటుకుని తెల్లబడిన కుక్కపిల్ల, తోకాడిస్తూ అందులోంచి బయటికొచ్చింది. నోట్లో, అత్తగారు పది రోజులుగా వెతుకుతున్న ఎడమకాలి చెప్పు.

ఆ రోజు నుంచి కుక్కపిల్ల ఇల్లంతా దర్జాగా తిరుగుతోంది. బోనులో పెట్టి గొళ్ళెం వేసేది మా చెప్పుల్నే.