బల్ల మీది గంట

మా సెమినరీలో చివరి ఏడాది ప్రతి విద్యార్థీ అందరి ముందూ ఒక ప్రసంగం చెయ్యాలి. అది నెగ్గితేనే పాస్టరు పట్టా. ముందు వరసలో ప్రిన్సిపాల్ కూర్చునేవాడు, బల్ల మీద ఇత్తడి గంట పెట్టుకుని. ప్రసంగం నచ్చకపోతే గంట కొట్టేవాడు. కొట్టాడంటే ఆ మాట దగ్గరే ఆపి దిగిపోవాలి. వనపర్తిలో ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఆ కుర్చీ వదల్లేదు. మహా గురువని ఇప్పటికీ పొగుడుతారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నా వంతు రోజు అమ్మ కొల్లాపూర్ మామిడితోటలో కూలి మానుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. రాలిన కాయలు ఏరుతూ ఆమె పాడే పాటతోనే నా ప్రసంగం మొదలుపెట్టాను. వెంటనే గంట మోగింది.

మా ఊరి చర్చిలో ప్రార్థనకు ముందు సంఘపెద్ద గంట కొడతాడు, అందరూ మోకరిస్తారు. అమ్మకు తెలిసిన గంట అదొక్కటే. బెంచీ దిగి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, మోకరించి పైకే ప్రార్థన అందుకుంది. "తండ్రీ, నా కొడుకు మంచిగ చెప్తుండు. జర తోడుండు."

అందరూ గొల్లున నవ్వారు. ప్రిన్సిపాల్ వెనక్కి తిరిగి చూశాడు. "ప్రార్థన అయ్యేదాకా ఆగుదాం. కొడుక్కి రానిది తల్లికైనా వచ్చింది" అన్నాడు. మళ్లీ నవ్వులు. నా పట్టా ఏడాది వెనక్కి పోయింది. ఎందుకు నవ్వారో అమ్మకు తెలియదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నేను బిజినేపల్లి దగ్గర పాస్టర్ని. నిరుడు ప్రిన్సిపాల్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసినప్పుడు అమ్మే బయల్దేరదీసింది. "పెద్దమనిషి. నీకు సదువు చెప్పిండు. జర చూసొద్దాం పా."

వాళ్లింట్లో ఆయన మంచం పక్కన అదే గంట. ఏదైనా కావాలంటే కొట్టమని కోడలు చేతికందేలా పెట్టిందట. మేమున్నాం కదా అని ఆమె బజారుకు వెళ్లింది. కాసేపటికి ఆయన నీళ్ల చెంబు వైపు చూసి గంట కొట్టాడు.

అమ్మ చటుక్కున మోకరించింది. కళ్లు మూసుకుని ఆయన కాళ్లకు, చేతులకు, నోటికి స్వస్థత అడగసాగింది. ఆయన పెదాలు తడుపుకుంటూ మళ్లీ కొట్టాడు. అమ్మ గొంతు పెంచింది. చెంబు నా మోచేతి దగ్గరే ఉంది.

"ప్రార్థన అయ్యేదాకా ఆగుదాం, అయ్యగారూ" అన్నాను.

ఆయన నన్ను చూస్తూ ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే కళ్లు తెరిచిన అమ్మ అది చూసి, దేవుడు వింటున్నాడనుకుని, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.