అక్క పరదేశి, మనవడు స్వదేశి

కొత్త భూచట్టం అమల్లోకి వచ్చిన వేసవిలో నన్ను వేంసూరు వైపు, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న ఒక మండలానికి తహశీల్దారుగా వేశారు. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. అక్కడి రైతుల్లో చాలామందికి ఇల్లు ఇవతల, పొలం అవతలి రాష్ట్రంలో. హద్దులకు పెద్దగా పట్టింపు లేని అలాంటి చోట, సొంత అక్కను విదేశీయురాలిగా తేల్చమంటూ నా ముందుకు ఒక అర్జీ వచ్చింది.

అర్జీదారు ఆనంద్. ఎరువుల దుకాణం, దానికి తోడు కాస్త రాజకీయం. తల్లి ముందే పోయింది. తండ్రి కూడా వీలునామా లేకుండా కాలం చేశాక మామిడితోట మొత్తం తన పేరిట పౌతీ చేయమన్నాడు. పౌతీ అంటే చనిపోయిన పట్టాదారు స్థానంలో వారసుల పేర్లు ఎక్కించడం. అభ్యంతరం చెప్పింది అతని అక్క రోజలిన్. ఐర్లండులో ఏళ్ల తరబడి నర్సుగా చేసి, భర్త పోయాక తిరిగొచ్చింది. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అక్కడిది తీసుకోగానే ఇక్కడిది దానంతటదే పోయింది. ఇప్పుడామె దగ్గరున్నది భారత మూలాలున్న విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు. దానితో వీసా గొడవ లేకుండా ఎన్నాళ్లయినా ఉండవచ్చు. ఓటు ఉండదు, సాగుభూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు.

ఈ చివరి మాట మా నాయబ్ తహశీల్దారుకు రుచించలేదు. "విదేశం ముచ్చట సార్, మన మెడకు చుట్టుకుంటది. పైకి రాద్దాం" అన్నాడు. రాశాం. ఫైలు డివిజన్‌కూ జిల్లాకూ తీర్థయాత్ర చేసి, 'నిబంధనల ప్రకారం చర్య తీసుకోగలరు' అన్న ప్రసాదంతో తిరిగొచ్చింది. ఆ నిబంధన ఏమిటనే కదా మేము అడిగింది!

విచారణ రోజున ఆనంద్ చొక్కాకు జెండా బిళ్ల పెట్టుకొని, భార్య డైసీని వెంటబెట్టుకొని వచ్చాడు. "దేశాన్ని వద్దనుకున్నోళ్లకు దేశపు మట్టి ఎందుకు సార్?" అని మొదలుపెట్టాడు. అక్క సెలవులకు వచ్చినప్పుడల్లా ఊరి మొగదల స్వాగతం ఫ్లెక్సీ కట్టించింది ఈయనేనని మా అటెండరు నా చెవిన వేశాడు.

రోజలిన్ గొంతు పెంచలేదు. "పిల్లల చదువు, నా కొలువు చూసుకొని ఇచ్చేసిన సార్. పాస్‌పోర్టు మీద రద్దు ముద్ర కొట్టి చేతిలో పెట్టిన రోజు నాకు ముద్ద దిగలేదు. పాస్‌పోర్టు ఇచ్చేసిన గానీ నాన్నను ఇచ్చెయ్యలేదు గదండీ" అంది.

"మాటలకేం, మస్తుంటయ్" అన్నాడు ఆనంద్. "పరాయి దేశపోళ్లకు ఇంచు భూమి రాదని రాయండి సార్. ఎవరైనా సరే!"

అంతదాకా నోరు విప్పని డైసీ మొగుడి మోచేయి పట్టి లాగింది. "ఏమయ్యా, మరి మన చిన్నోడు? వాడిది గూడా ఆ దేశపు పాస్‌పోర్టే గదా. రేపు మన పొలం వాడికి రాదా ఏంది?"

చిన్నోడంటే వాళ్ల కూతురి కొడుకు. ఆ కూతురికి ఐర్లండులో నర్సు ఉద్యోగం చూపించింది రోజలినే. పిల్లాడు అక్కడే పుట్టి అక్కడి పౌరుడయ్యాడు. ఆ సంతోషంలో ఈ తాతగారు ఊరంతా మిఠాయి పంచాడట.

"వాడు పసిపోరడు సార్. వాడు మనోడే" అన్నాడు ఆనంద్.

"మరి అక్క?" అన్నాను.

రోజలిన్ తమ్ముడి వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆనంద్ ముందుకు వంగి, మెల్లగా, "మనవళ్లకు వర్తించదని ఉత్తర్వుల ఒక ముక్క రాయరాదా సార్?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల కొలువులో ఇంత నిజాయితీ గల కోరిక నేను వినలేదు.

క్రైస్తవులైన వీళ్లకు వర్తించే భారత వారసత్వ చట్టంలో కొడుకూ కూతురూ సమానం. తోటను చెరిసగం చేసి ఉత్తర్వు ఇచ్చాను. ఆనంద్ అప్పీలుకు పోలేదు. పోతే గెలిచే ప్రమాదం ఉందని ఆలోచించి ఉంటాడు. అక్కతో మాటలు మానేశాడని తెలిసింది. డైసీ మాత్రం ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వదిన ఇంటికే వెళ్లేదట.

పౌరసత్వం ఎప్పుడు పోతుందో చట్టం స్పష్టంగానే చెబుతుంది. తోబుట్టువు ఎప్పుడు పరాయిదవుతుందో తెలియాలంటే మాత్రం పంపకాల దాకా ఆగాలి. ఆ కేసు తరువాత, రిటైరయ్యేదాకా, ప్రతి వారసత్వ విచారణకూ అర్జీదారుల భార్యలను కూడా పిలిపించాను.