హెడ్‌క్లర్కు గారి గుర్రం

రిటైరైన మూడో వారానికల్లా హెడ్‌క్లర్కు గారు శిల్పి అయిపోయారు. పన్నెండు ఉలులున్న పెట్టె కొనుక్కొచ్చి, వరండాలో చాప పరిచి, పెద్ద పని ఉన్నవాడిలా గొంతు సవరించుకుని కూర్చున్నారు.

ఆయన భార్య పుట్టింది చెక్కబొమ్మలు చేసే ఇంట్లో. పెళ్లయ్యేదాకా తండ్రి పక్కన కూర్చుని ఏనుగుల వీపులు నున్నగా తీర్చిన చేతులు ఆవిడవి. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ ఊసు ఆయన ఒక్కసారైనా ఎత్తితే ఒట్టు.

"ఆ ఉలికి పదును లేదండీ" అందావిడ మొదటిరోజే.

"కొత్తదానికి పదును లేకపోవడమేంటి? ఎన్ని ఫైళ్లు చూశాను, ఈపాటి తెలీదా నాకు?"

ఫైళ్లకీ ఉలికీ చుట్టరికం ఏమిటో ఆవిడకి అంతుబట్టలేదు. చావనీ అనుకుని కూరలు తరుక్కోవడానికి పోయింది.

ఆయన మొదలెట్టింది గుర్రం. మెడ వంపులో పైనుంచి కిందికి దించాల్సిన ఉలిని కిందినుంచి పైకి తోశారు. చెక్క నారకి ఎదురెళితే ఊరుకుంటుందా? మెడంతా పీచు లేచింది.

"దువ్వెన తెమ్మంటారా?" అంది ఆవిడ.

ఆయన నాలుగు రోజులు ఉప్పుకాగితం పెట్టి రుద్దారు. చెవులు అరిగిపోయాయి, కాళ్లు పొట్టివయ్యాయి, పీచు మాత్రం పోలేదు. పైన రెండు పూతలు వార్నిష్ పూస్తే, పడుకున్న పీచు కూడా తడికి లేచి అలాగే గట్టిపడింది.

ఆదివారం మరిది వచ్చాడు. బొమ్మని అటూ ఇటూ తిప్పాడు.

"పంది భలే కుదిరిందన్నయ్యా!"

"గుర్రంరా అది! చెక్క మంచిది కాదు. దుకాణం వాడు నాసిరకం అంటగట్టాడు."

చెక్క మీద నెట్టేసరికి ఆవిడకి ఒళ్లు మండింది. వంటింట్లోంచి కత్తులు నూరే రాయి తెచ్చి, నాలుగు చుక్కల నీళ్లు పోసి, ఉలిని తీరిగ్గా నూరింది. తర్వాత బొమ్మని ఒళ్లో పెట్టుకుని మెడ మీద పైనుంచి కిందికి ఒక్క గీత దించింది. ఉల్లిపొర లాంటి చెక్క చుట్టలు చుట్టుకుంటూ ఊడొచ్చింది. ఉలి నడిచినంత మేరా తళతళలాడింది.

మరిది వేలు పెట్టి రాసి చూశాడు. "ఏం పూశావు వదినా?"

"పూయడం మీ అన్నయ్య పని. నేను కోశానంతే."

"నేను అంతా చేసి ఉంచాను కాబట్టి నీకు సులువైంది" అన్నారు హెడ్‌క్లర్కు గారు.

"అయితే మిగతాది కూడా సులువే. కానివ్వండి" అని బొమ్మ ఆయన చేతిలో పెట్టింది.

రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగారు. మూడోనాడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఆ రాయి మీద ఎన్నిసార్లు రుద్దాలి?" అన్నారు గోడకేసి చూస్తూ.

"లెక్కలొద్దు. మొద్దు అంచు వెలుగులో మెరుస్తుంది. ఆ మెరుపు పోయేదాకా నూరండి."

మధ్యాహ్నమంతా నోరు మెదపకుండా నూరారు. ఆ నోరు అంతసేపు మూతపడటం ఆవిడ కాపురానికొచ్చాక ఇదే మొదలు.

నెల తిరిగేసరికి ఒక గరిటె తయారైంది. వెనకవైపు గొంగళిపురుగులా ఉంది గానీ, గుంట మటుకు నున్నగా వచ్చింది. ఆవిడ బొటనవేలితో తడిమి, "ఈ గుంట వరకూ పర్లేదు" అంది.

ఆ సాయంత్రం ఆయన గరిటె పట్టుకుని వీధి వీధంతా తిరిగారు. "మా ఆవిడ అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదండీ!" అంటూ ఇంటింటా గుంట మాత్రమే చూపించారు.