సత్తు గ్లాసుకు సన్న బొక్క

మొన్న కాణిపాకంలో దర్శనం చేసుకుని బయటికి వస్తూ, ఒక అంగడి ముందు పేర్చిన సత్తు గ్లాసుల్లో ఒకదాన్ని తీసి వెలుతురుకేసి పట్టి చూశాను. అంగడతను నవ్వి, "కొత్తవి గదమ్మా, బొక్కలు యాడుంటాయి" అన్నాడు. అతనికేం చెప్పను, ఇది నలభై ఏళ్ళ నాటి అలవాటని.

అప్పట్లో నేను ఐరాల దగ్గర ఒక పల్లెబడిలో కొత్తగా చేరిన సైన్సు టీచర్ని. తనిఖీకి అధికారి వస్తున్నారన్నారు. ప్రయోగశాల అన్న మాటే లేని ఆ బడిలో, గాలికి బలముందని చూపించడానికి నాకు దొరికినవి ఒక కాగితం పట్టీ, ఒక అట్టముక్క, పిల్లలు నీళ్ళు తాగే సత్తు గ్లాసు. ఏడో తరగతిలో బెల్లం వండేవాళ్ళ కూతురొకతె ఉండేది. బెదురు లేని పిల్ల గనుక ఆమె చేతనే చేయించాను.

తనిఖీ రోజున ఆ పిల్ల కాగితం పట్టీని పెదవి కింద ఆనించి ఊదింది. వాలిపోయి ఉన్న పట్టీ లేచి నిలిచింది. పైన గాలి పరుగెత్తితే అక్కడ ఒత్తిడి తగ్గుతుందనీ, కింది గాలి పైకి తోస్తుందనీ, విమానం రెక్కకూ ఇదే ఊతమనీ నేను చెబుతుంటే అధికారి తల ఊపారు. తర్వాత నీళ్ళు నిండిన గ్లాసు మీద అట్ట మూసి, తలకిందులు చేసింది. ముందురోజు మూడుసార్లు నిలిచిన నీళ్ళు ఆ రోజు అట్టతో సహా అధికారి ముందున్న రిజిస్టరు మీద పడ్డాయి.

చెయ్యి వణికించావని కసిరాను.

"లేదు టీచరమ్మా, అడుగున యాడో సన్న బొక్క ఉండాది, వేలికి తడి తగలతా ఉండాది" అంది.

పైగా అబద్ధాలు కూడానా అని అందరి ముందూ అని, ఎండలో నిలబెట్టాను. ఉద్యోగం పోతుందేమోనన్న భయం తప్ప ఆ క్షణాన నాకేమీ కనిపించలేదు. అధికారి మాత్రం రిజిస్టరు తుడుచుకుని, నా గురించి ఒక్క ముక్కా రాయకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం గ్లాసు నింపి కిటికీ గట్టు మీద పెడితే, అడుగు అంచున చెమట బిందువులాంటి చుక్క ఒకటి ఊరింది. ముందురోజు ఆ పిల్ల వేలు సరిగ్గా అక్కడే ఆని ఉంటుంది.

మర్నాడు ఆమె బడికి రాలేదు. గ్లాసూ అట్టముక్కా తీసుకుని బెల్లం గానుగ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళమ్మ పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ, "ఇంక బడికి పోనంటాది టీచరమ్మా. నేను అబద్ధం సెప్పలేదని ఒకటే ఏడుపు" అంది. బొక్క ఉన్నమాట నిజమేనని చెప్పి గ్లాసు పిల్లకిచ్చాను. ఆమె లేచి నీళ్ళు ముంచి, అట్ట మూసి, వేలితో బొక్కను అదిమిపట్టి తిప్పింది. నీళ్ళు నిలిచాయి.

"ఇప్పుడు సూడండి" అని వేలు తీసింది. గాలి లోపలికి దూరింది. నీళ్ళు మా ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి.

ఏ పుస్తకంలోనూ గాలి ఒత్తిడి నాకంత తేటగా అర్థం కాలేదు. మర్నాడు ఆమె తరగతికీ అదే చూపించింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను బొక్క లేని గ్లాసుతో ఆ పాఠం చెప్పలేదు.

అయితే తప్పు నాదేనన్న ఒక్క మాట మాత్రం ఆ పిల్లతో అనలేదు. పిల్లల ముందు టీచరు తల వంచడమనేది మా కాలంలో ఎవరూ నేర్పలేదు. తిరుపతిలో నా కోడలూ టీచరే. బోర్డు మీద లెక్క తప్పితే "సారీ పిల్లలూ" అనేసి నవ్వుతూ చెరిపేస్తుందట. ఎంత తేలికైపోయిందో ఆ మాట, వింటే సంతోషంగానే ఉంటుంది. బెల్లం వండేవాళ్ళ పిల్లకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. దారిలో ఎదురుపడినా నేను గుర్తుపట్టలేను.