నీలం పోగు పెట్టిన చోటు

మొన్న బీరువా సర్దుతుంటే నా ఏడో తరగతి నోటుపుస్తకం దొరికింది. తెరవగానే సాంచాల నూనె వాసన, పేజీ మధ్యలో గంజితో అంటించిన అంగుళమంత నీలం పోగు. ఆ పోగును చూసిన రోజు నేను కోపంతో అన్నం తినలేదు.

సిరిసిల్లలో మా ఇల్లంటే ముందు గదిలో మేము, వెనక షెడ్డులో నాలుగు సాంచాలు; బయటివాళ్లు వాటిని మరమగ్గాలంటారు. మా తెలుగు సారుదీ నేతపని ఇల్లే కాబట్టి, గుడ్డను వెలుతురుకు పట్టి చూసి తప్పున్న చోట రంగు పోగు కట్టే అలవాటును ఆయన బడికి తెచ్చారు. బతుకమ్మ సెలవులు అయిపోయి, మా డబ్బాల్లో ఇంకా తీపి మలీద ముద్దలు మిగిలి ఉన్న రోజుల్లో, ఎవరి ఇంటి కథ వాళ్లను రాయమని, పుస్తకాలు ఒకరివొకరికి మార్పించారు.

"ఎర్రపెన్ను ముట్టద్దు. సదువుకుంట ఏడ ఆగిన్రో ఆడ పోగు పెట్టుండ్రి, ఎందుకాగిన్రో నోటితోని చెప్పుండ్రి" అన్నారు.

బాగా కుదిరిన ఒక్క కథను బడి వార్షికోత్సవంలో చదివిస్తామన్నారు. అది నాదే కావాలని నాకు ఎంత ఆశో, నాదే అవుతుందని అంత పొగరు. నా పుస్తకం స్వరూపకు వెళ్లింది. కొడిమ్యాల నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్న, కూలికి పోయే వాళ్ల పిల్ల. అమ్మ షెడ్డు గడపలో నిలబడి నాన్నను మెల్లగా అన్నానికి పిలిచిందని నేను ముద్దుముద్దుగా రాసుకున్న వాక్యం మీదే ఆమె పోగు పెట్టింది.

"గంత మెల్లగ పిలిస్తె మీ నాయినకు ఎట్ల ఇనవడ్డది?" అంది. "మా అత్తోళ్లింట్ల నాకు ఆ సప్పుడుకు నిద్రనే పడ్తలేదు. నీ కథల సాంచాల సప్పుడే లేదు."

కసికొద్దీ నేను ఆమె కథలో ఐదు పోగులు అంటించి ఇంటికి వెళ్లాను. షెడ్డు గడపలో నిలబడ్డాను. పుట్టినప్పటి నుంచీ వింటున్నది, ఆ రోజే మొదటిసారి విన్నాను. అమ్మ ఎప్పుడూ నాన్నను పిలవనే లేదు; ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టుకునేది, అంతే. నాన్న రెండు వేళ్లు ఎత్తేవాడు, రెండు నిమిషాలని; ఆ రెండు నిమిషాలు అరగంటకు తక్కువ ఉండేవి కావు. రోజూ కళ్లముందు జరిగేది వదిలేసి ఎక్కడో చదివిన అమ్మను రాసినందుకు సిగ్గేసింది. కథంతా మళ్లీ రాశాను.

మర్నాడు స్వరూప కథలోంచి నాలుగు పోగులు పీకేశాను. నిజంగా ఆగిన చోట ఒక్కటే ఉంచాను: నాట్లేసే వాళ్లమ్మ చేతుల గురించి అంత రాసి, బురదలో నానిన కాళ్లను వదిలేసింది. చెబితే, "అవును, మరిసిన" అని నవ్వింది.

వార్షికోత్సవానికి సారు నా కథనే ఎంచారు. వేదిక మీద ఆ చోటికి రాగానే ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టుకున్నాను. ఆడవాళ్ల వరుసలన్నీ ఒక్కసారి గొల్లున నవ్వాయి. అందరి వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డ నాన్న చెయ్యి పైకి లేచింది, రెండు వేళ్లతో. ముందు వరుసలో స్వరూప చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ఆ రోజు నాకు దొరికినంత సంతోషం తర్వాత ఏ బహుమతికీ దొరకలేదు.

ఆ సాంచాలు ఎప్పుడో పాత ఇనుములోకి పోయాయి. మా వీధిలో ఇప్పుడు మెల్లగా మాట్లాడినా వినిపిస్తుంది. కోరుట్ల బడిలో తెలుగు చెప్పే నేను నిన్న ఆ పుస్తకంలో మళ్లీ రాసిన కథను మా తరగతి పిల్లలకు చదివి, తలా ఒక పోగు ఇచ్చి, ఎక్కడ ఆగారో చెప్పమన్నాను. వెనక బెంచీ పిల్ల లేచింది.

"మేడం, మీరు గంత గట్టిగ ఎందుకు సదివిన్రు?"

"సాంచాలు నడుస్తున్నయ్ కద బిడ్డా" అన్నాను.